ఎవరి తుపాకీ, ఎవరి రూలు? టీమ్ రైఫిల్ షూటింగ్ వెనక వందేళ్ళ నాటి పేచీ

1903 జూలైలో ఇంగ్లండ్‌లోని బిస్లీ రేంజ్‌లో అమెరికా జట్టు పాల్మా ట్రోఫీ గెలుచుకుంది. దూరపు రైఫిల్ షూటింగ్‌లో దేశాల జట్లు పోటీపడే కప్పు అది. జట్టుకు ఎనిమిది మంది. 800, 900, 1,000 గజాల దూరాల నుంచి ఒక్కొక్కరు పదిహేనేసి తూటాలు కాల్చాలి. మొత్తం 1,800 పాయింట్లకు అమెరికాకు 1,570 వచ్చాయి, సొంతగడ్డ మీద దిగిన బ్రిటన్‌కు 1,555. కెనడా, ఆస్ట్రేలియా, నేటాల్ (దక్షిణాఫ్రికాలోని బ్రిటిష్ వలస), నార్వే, ఫ్రాన్స్ జట్లు వెనకబడ్డాయి. ట్రోఫీ ఓడెక్కి అట్లాంటిక్ దాటింది. ఆ తర్వాత అదే ట్రోఫీని అమెరికా వాళ్ళే తిరిగి బ్రిటన్‌కు పంపేశారు.

స్కోరు రాయడంలో తేడా ఏమీ జరగలేదు. పేచీ అంతా తుపాకీ గొట్టం లోపల ఉంది. ప్రతి జట్టూ తన దేశ సైన్యం వాడే రైఫిల్‌తోనే కాల్చాలన్నది పాల్మా రూలు. అమెరికన్లు పట్టుకొచ్చినవి పైకి చూస్తే సైన్యం వాడే క్రాగ్ రైఫిళ్ళే. బ్యారెళ్ళు మాత్రం ప్రైవేటుగా, ప్రత్యేకంగా చేయించినవి. తూటాను గిరగిరా తిప్పుతూ బయటికి పంపడానికి గొట్టం లోపల మెలికలుగా చాళ్ళు ఉంటాయి. ఆ మెలికలు ఈ బ్యారెళ్ళలో సైన్యం తుపాకీలో ఉన్నట్టు లేవు. విషయం పొక్కాక బ్రిటన్‌లో గొడవ మొదలైంది. చివరికి కప్పు వెనక్కి వెళ్ళింది.

ఇది మోసమా, తెలివా అని తేల్చడం నాకు పెద్దగా ఆసక్తి లేని పని. ఆ రూలు అసలు ఎందుకుందన్నదే నన్ను పట్టుకున్న ప్రశ్న. టెన్నిస్‌లోనో క్రికెట్‌లోనో మీ దేశ సైన్యం వాడే సామానే తెచ్చుకోవాలని ఎవరూ అడగరు. రైఫిల్ షూటింగ్‌లో అడిగారు. ఎందుకంటే ఇరవయ్యో శతాబ్దం మొదట్లో ఈ ఆట ఎవరికీ పూర్తిగా ఆట కాదు. సగం ఆట, సగం సైనిక శిక్షణ. ఈ రెండు సగాలూ ఎప్పుడూ సరిగ్గా అతకలేదు. పోటీల్లో వచ్చిన తగాదాలు, ఒకే ఆటకు రెండు రకాల రూల్స్ పుట్టడం, చివరికి ఒలింపిక్స్‌లోంచి జట్టు పోటీలు మాయమవడం, అన్నిటికీ మూలం అక్కడే ఉంది.

భయం నుంచి పుట్టిన ఆట

యూరప్‌లో ప్రతి దేశానికీ తనదైన భయం ఉండేది. ఫ్రాన్స్ 1870–71లో ప్రష్యా చేతిలో ఓడాక ఊరూరా షూటింగ్ సంఘాలు వెలిశాయి. స్వీడన్‌తో ఒకే రాజు కింద ఉన్న నార్వేలో రైఫిల్ క్లబ్బులకు జాతీయవాద రంగు పడింది. 1905లో నార్వే విడిపోయేదాకా ఆ రంగు వెలవలేదు. స్విట్జర్లాండ్ సంగతి వేరు. అక్కడ పెద్ద సైన్యం ఉండదు, పౌరులే సైనికులు, రైఫిల్ ఇంట్లోనే ఉంటుంది. గురి కాల్చే పండగ అక్కడ మన ఊళ్ళో తిరునాళ్ళ లాంటిది.

బ్రిటన్‌లో నేషనల్ రైఫిల్ అసోసియేషన్ 1859–60 నాటిది. అప్పట్లో ఫ్రాన్స్ దండెత్తి వస్తుందన్న భయంతో వాలంటీర్ దళాలు ఏర్పడ్డాయి. వాళ్ళకు గురి నేర్పాలన్నది ఆ సంఘం ఉద్దేశం. 1860లో వింబుల్డన్ మైదానంలో తొలి తూటా కాల్చింది విక్టోరియా రాణి. అంటే, తుపాకీని ముందే స్టాండు మీద బిగించి గురి సరిచేసి పెట్టారు, ఆవిడ పట్టుతాడు లాగారు. తూటా నడిబొడ్డుకు తగిలింది. 1890లో ఆ పోటీలు బిస్లీకి మారాయి.

అసలు దెబ్బ 1899 డిసెంబరులో పడింది. దక్షిణాఫ్రికాలో ఒకే వారంలో స్టార్మ్‌బెర్గ్, మేగర్స్‌ఫాంటేన్, కొలెన్సో అనే మూడు చోట్ల బ్రిటిష్ సైన్యం ఓడింది. ఎదుటివాళ్ళు బోయర్లు, అంటే అక్కడ స్థిరపడ్డ డచ్ సంతతి రైతులు. చేతుల్లో మౌజర్ రైఫిళ్ళు, చిన్నప్పట్నుంచీ వేటలో తేలిన గురి. కవాతు చక్కగా చేసే సైన్యం కంటికి కనిపించని రైతు చేతిలో నేలకూలడం లండన్‌ను కుదిపేసింది. బ్రిటన్ అంతటా రైఫిల్ క్లబ్బులు పుట్టుకొచ్చాయి. ఆ యుద్ధంలో బ్రిటిష్ సైన్యాన్ని నడిపి తిరిగి వచ్చిన లార్డ్ రాబర్ట్స్ వాటికి పెద్ద దిక్కయ్యాడు.

కొలెన్సోలో గాయపడ్డవాళ్ళను మోసినవాళ్ళలో గాంధీ కూడగట్టిన భారతీయ అంబులెన్స్ దళం ఉంది. సుమారు 1,100 మంది. వారిలో ఎక్కువమంది నేటాల్‌లో ఒప్పందపు కూలీలుగా ఉన్నవాళ్ళు. మద్రాసు రాష్ట్రం నుంచి ఆ చెరకు తోటలకు వెళ్ళినవాళ్ళలో తెలుగువాళ్ళూ చాలామందే. వాళ్ళకు స్ట్రెచర్ ఇచ్చారు గానీ తుపాకీ ఇవ్వలేదు. ఈ సంగతికి మళ్ళీ వద్దాం.

అమెరికాలో ఇదే పని ప్రభుత్వం నేరుగా నెత్తికెత్తుకుంది. రైఫిల్ అభ్యాసాన్ని ప్రోత్సహించే జాతీయ బోర్డు 1903లో ఏర్పడింది. ఆ ఏడే న్యూజెర్సీలోని సీ గర్ట్‌లో జాతీయ పోటీలు మొదలయ్యాయి. 1907లో ఒహాయోలోని క్యాంప్ పెర్రీకి మారాయి. సైన్యం, నౌకాదళం, మెరీన్లు, ఆయా రాష్ట్రాల నేషనల్ గార్డు జట్లు అన్నీ అక్కడికి చేరేవి. అంతర్జాతీయ పోటీలకు వెళ్ళే జట్లు ఆ గుంపులోంచే ఎక్కువగా వచ్చేవి.

మూడు పాయింట్ల తేడా

జట్టు రైఫిల్ షూటింగ్‌ను జనం చూసే ఆటగా మార్చిన రోజు మాత్రం కాస్త ముందే వచ్చింది. 1873లో ఐర్లండ్ జట్టు ఇంగ్లండ్, స్కాట్లండ్‌లను ఓడించి ఎల్కో షీల్డ్ గెలిచింది. ఆ ఊపులో న్యూయార్క్ హెరాల్డ్ పత్రిక ద్వారా అమెరికన్లకు సవాలు విసిరింది. న్యూయార్క్‌లో ఒక చిన్న అమెచ్యూర్ క్లబ్బు ఆ సవాలు అందుకుంది. అంత దూరాలకు కాల్చిన అనుభవం వాళ్ళకు పెద్దగా లేదు.

1874 సెప్టెంబరు 26న లాంగ్ ఐలండ్‌లోని క్రీడ్‌మూర్‌లో ఆరుగురేసి తలపడ్డారు. ఐరిష్ వాళ్ళవి గొట్టం మూతి నుంచి మందు దట్టించే రిగ్బీ రైఫిళ్ళు. అమెరికన్లవి వెనక నుంచి తూటా పెట్టే రెమింగ్టన్, షార్ప్స్. పాత పద్ధతి కొత్త పద్ధతితో పోటీకి దిగడం చూద్దామని వేలమంది జనం వచ్చారు.

మధ్యలో ఒక ఐరిష్ షూటర్ చక్కగా గురిచూసి నడిబొడ్డున కొట్టాడు. కొట్టింది పక్కవాళ్ళ టార్గెట్‌ను. సున్నా వేశారు. చివరికి ఐర్లండ్ స్కోరు 931 దగ్గర ఆగింది. అమెరికా 930 దగ్గర ఉంది, ఒక్క తూటా మిగిలింది. కాల్చాల్సింది జాన్ బోడైన్ అనే కర్నల్. అంతకు కాసేపటి ముందే చేతిలో ఉన్న జింజర్ బీర్ సీసా పగిలి ఆయన చెయ్యి కోసుకుపోయింది. రుమాలు చుట్టుకుని, ఆ రక్తపు చేత్తోనే పడుకుని, ఆ టెన్షన్‌లో, వెయ్యి గజాల నుంచి కాల్చాడు. బుల్, అంటే టార్గెట్ నడిబొడ్డు, తగిలింది. అప్పటి లెక్కలో బుల్‌కు నాలుగు పాయింట్లు. 934–931.

పక్క టార్గెట్‌కు తగిలిన ఆ ఒక్క తూటా సరైన చోట తగిలి ఉంటే ఐర్లండ్ ఒక పాయింటు తేడాతో గెలిచేది. జట్టు ఆటలో ఒకరి తప్పు పదిమందికీ చుట్టుకుంటుందన్న సంగతి మర్నాటి పేపర్ల నిండా ఉంది. రెండేళ్ళకు, 1876లో, అమెరికా స్వాతంత్ర్య శతాబ్ది సందర్భంగా పాల్మా ట్రోఫీ పుట్టింది. మధ్యలో చాలా ఏళ్ళు మూలనపడినా 1901లో సీ గర్ట్‌లో మళ్ళీ ప్రాణం పోసుకుంది. ఆ ఏడు కెనడా, మరుసటి ఏడు ఒటావాలో బ్రిటన్, 1903లో అమెరికా. మొదట్లో చెప్పిన గొడవ ఈ మూడోదే.

ఒకే పేరు, రెండు ఆటలు

ఇక్కడే చాలామంది తికమకపడతారు. 1908 ఒలింపిక్స్ ఫలితాలు చూడండి. సైనిక రైఫిల్ జట్టు పోటీలో అమెరికాకు 2,700కు 2,531 పాయింట్లు. అంటే నూటికి తొంభై మూడు దాటింది. అదే ఒలింపిక్స్‌లో, అదే బిస్లీలో, ఫ్రీ రైఫిల్ జట్టు పోటీలో స్వర్ణం గెలిచిన నార్వేకు 7,200కు వచ్చింది 5,055. నూటికి డెబ్బై. నార్వే వాళ్ళు గురిలో తీసికట్టు అనుకుంటే పొరపాటే. ఆ రెండూ వేర్వేరు ఆటలు.

మొదటిది బ్రిటన్, దాని వలసలు, అమెరికా పెంచి పోషించిన రకం. సైన్యం రైఫిల్, దూరం ఎక్కువ. 1908లో 200 గజాల నుంచి 1,000 గజాల దాకా ఆరు దూరాల నుంచి కాల్చారు. గురి పెద్దది. వెయ్యి గజాల టార్గెట్‌లో నల్లటి బుల్ ఒక్కటే మూడడుగుల వెడల్పు. బుల్‌కు ఐదు, దాని చుట్టూ ఉన్న ఇన్నర్‌కు నాలుగు, మ్యాగ్‌పైకి మూడు, ఔటర్‌కు రెండు. దూరపు గురులకు పడుకునే కాల్చేవారు. 1870లలో అయితే వెల్లకిలా పడుకుని, కాళ్ళు టార్గెట్ వైపు పెట్టి, తుపాకీని కాళ్ళ మీద ఆనించి కాల్చినవాళ్ళూ ఉన్నారు. పాత ఫొటోల్లో ఆ పెద్దమనుషుల్ని చూస్తే నవ్వు ఆపుకోవడం కష్టం, కానీ వాళ్ళ స్కోర్లు చూస్తే నవ్వు ఆగిపోతుంది.

రెండోది యూరప్ ఖండానిది. దూరం ఒక్కటే, 300 మీటర్లు. కానీ మనిషికి 120 తూటాలు. నలభై నిలబడి, నలభై మోకాలి మీద, నలభై పడుకుని. టార్గెట్‌లో పది వలయాలు, పది పాయింట్ల వలయం అరచేతి వెడల్పు. తుపాకీకి సైన్యంతో పనిలేదు. స్విస్ షూటర్లు మార్టిని తరహా రైఫిళ్ళకు ముట్టుకుంటే పేలే సన్నటి ట్రిగ్గరు, చేతికి ఆనేలా చెక్కిన మడమ, నాజూకైన సైట్లు అమర్చుకునేవారు. అందుకే దాన్ని ఫ్రీ రైఫిల్ అన్నారు. పేరుకు స్వేచ్ఛ ఉన్నా, నలభై తూటాలు నిలబడి కాల్చాలంటే నడుము పడిపోతుంది. పాయింట్లు పోయేది అక్కడే.

ఈ రకానికి తొలి ప్రపంచ పోటీలు 1897లో ఫ్రాన్స్‌లోని లియోన్‌లో జరిగాయి. అక్కణ్ణుంచి 1914 దాకా దాదాపు ప్రతి ఏడూ ఎక్కడో ఒకచోట జరిగాయి. 1903లో ఏకంగా సముద్రం దాటి బ్యూనస్ ఐరిస్‌లో పెట్టారు. జట్టు స్వర్ణం దాదాపు ప్రతిసారీ స్విట్జర్లాండ్‌దే. 1900 పారిస్ ఒలింపిక్స్‌లోనూ అంతే. స్విస్ జట్టు 4,399, నార్వే 4,290, ఫ్రాన్స్ 4,278. ఆ స్విస్ ఐదుగురిలో ఒకరు కొన్రాడ్ స్టేహెలి. ఆయన ప్రపంచ పోటీల పతకాలు నలభై దాటాయి. ఈ దేశాలన్నీ కలిసి 1907లో జ్యూరిక్‌లో అంతర్జాతీయ సమాఖ్య పెట్టుకున్నాయి. ఇవాళ్టి అంతర్జాతీయ షూటింగ్ సమాఖ్య దాని కొనసాగింపే.

జట్టు అన్న మాట కూడా రెండు చోట్లా ఒకటి కాదు. 300 మీటర్ల పోటీలో జట్టు స్కోరంటే ఐదారుగురి మార్కులు కలిపి వేసిన కూడిక. ఎవరి బాధ వాళ్ళది. వెయ్యి గజాల పోటీలో అలా కుదరదు.

గాలిని చదివేవాడు

వెయ్యి గజాలు దాటడానికి ఆనాటి తూటాకు దాదాపు రెండు సెకన్లు పట్టేది. ఆ రెండు సెకన్లూ గాలి దాన్ని పక్కకు నెడుతూనే ఉంటుంది. గంటకు పది మైళ్ళ అడ్డగాలి వీస్తే తూటా మనిషి నిలువెత్తుకు మించి పక్కకు జరుగుతుంది. బుల్ వెడల్పు మూడడుగులే. అంటే చెయ్యి ఎంత నిలకడగా ఉన్నా, గాలిని సగం తప్పు అంచనా వేస్తే తూటా బుల్ దాటిపోతుంది.

అందుకే షూటర్ వెనక టెలిస్కోపు పెట్టుకుని కోచ్ కూర్చుంటాడు. అతను చూసేది టార్గెట్‌ను కాదు, మధ్యలో ఉన్న గాలిని. రేంజ్ పొడవునా జెండాలు ఉంటాయి గానీ అవి ఒక్కోసారి ఒక్కో మాట చెబుతాయి. దగ్గరి జెండా ఎడమకు, దూరపుది కుడికి ఎగురుతున్నా ఆశ్చర్యపోనక్కర్లేదు. ఎండ కాస్తే టెలిస్కోపులో ఎండమావి కనిపిస్తుంది. ఆ కెరటాలు ఎటు పారుతున్నాయో, ఎంత వేగంగా పారుతున్నాయో చూసి కోచ్ లెక్క కడతాడు. కెరటాలు నిలువుగా పైకి మరుగుతుంటే గాలి ఆగింది, లేదా దిశ మార్చుకుంటోంది అని అర్థం.

లెక్క నిమిషాల్లో చెబుతారు. ఇది గడియారం నిమిషం కాదు, కోణంలో డిగ్రీలో అరవయ్యో వంతు. ఒక నిమిషం అంటే వంద గజాల దగ్గర సుమారు అంగుళం, వెయ్యి గజాల దగ్గర సుమారు పది అంగుళాలు. “ఎడమకు రెండు” అని కోచ్ అంటే షూటర్ మారు మాట్లాడకుండా సైట్‌ను రెండు నిమిషాలు తిప్పాలి. తూటా పేలాక అవతల గుంటలో దాక్కున్న మార్కర్లు టార్గెట్‌ను కిందికి దించి, చిల్లు దగ్గర గుర్తు పెట్టి, మళ్ళీ పైకెత్తి, రంగు బిళ్ళతో పాయింటు చూపిస్తారు. కోచ్ ఆ చోటును నోటు పుస్తకంలో చుక్కగా పెట్టుకుంటాడు. ఆ చుక్కే తర్వాత కాల్చబోయే సహచరుడికి పాఠం.

ఇక్కడ స్టార్‌గిరీ చెల్లదు. తన కంటికి గాలి వేరేలా కనిపిస్తున్నా కోచ్ మాటే వినాలి, లేకపోతే జట్టు లెక్క మొత్తం చెడిపోతుంది. సొంతంగా ప్రైజులు కొల్లగొట్టే మొనగాళ్ళు జట్టులో తేలిపోవడం ఇందుకే మామూలు. నా దృష్టిలో టీమ్ రైఫిల్ షూటింగ్‌లో నిజమైన జట్టు ఆట ఇదొక్కటే. 300 మీటర్ల పోటీలో జట్టు కాగితం మీద పుడుతుంది, ఇక్కడ నేల మీద పుడుతుంది.

పోటీలో గెలిచి యుద్ధంలో ఓడిన తుపాకీ

సైన్యం రైఫిల్‌తోనే కాల్చాలి అన్న రూలు వెనక ఒక నమ్మకం ఉంది. పోటీ తుపాకీనీ, సైనికుడినీ రెంటినీ పదును పెడుతుందని. ఈ నమ్మకానికి అత్యంత ఖరీదైన జవాబు కెనడాకు దొరికింది.

బోయర్ యుద్ధం రోజుల్లో బ్రిటన్ కెనడాకు రైఫిళ్ళు సరఫరా చేయలేకపోయింది. కెనడా తన సొంత రైఫిల్ చేసుకుందామనుకుంది. స్కాట్లండ్‌కు చెందిన సర్ ఛార్లెస్ రాస్ రూపొందించిన రాస్ రైఫిల్‌ను ఎంచుకుంది. దాని బోల్టును మెలితిప్పక్కర్లేదు, తిన్నగా లాగి తోస్తే చాలు. బ్యారెల్ పొడవు, గురి అద్భుతం. బిస్లీలో అది దుమ్ము రేపింది. బిస్లీలో అన్నిటికన్నా పెద్ద వ్యక్తిగత బహుమతి కింగ్స్ ప్రైజ్. 1911లోనూ, 1913లోనూ అది కెనడా షూటర్లదే, రెండుసార్లూ రాస్‌తోనే. స్వయంగా షూటింగ్ పిచ్చి ఉన్న కెనడా సైనిక మంత్రి శామ్ హ్యూస్ ఆ తుపాకీ మీద ఈగ వాలనివ్వలేదు.

మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915 ఏప్రిల్‌లో బెల్జియంలోని ఈప్ర్ దగ్గర కందకాల్లో అసలు పరీక్ష ఎదురైంది. బురద, వరుసగా కాల్చడంతో కాగిన గొట్టం, బ్రిటిష్ కార్ఖానాల్లో హడావుడిగా చేసిన కాస్త లావు తూటాలు. రాస్‌లో తూటా కూర్చునే గది బిగుతైనది. బిగుతు వల్లే దానికి ఆ గురి. ఆ బిగుతే ఇప్పుడు ప్రాణం మీదికి తెచ్చింది. బోల్టు ఇరుక్కుపోయేది. సైనికులు బూటు కాలితో తన్ని, పారతో కొట్టి తెరవాల్సి వచ్చింది. చాలామంది చనిపోయిన బ్రిటిష్ సైనికుల పక్కన పడి ఉన్న లీ-ఎన్‌ఫీల్డ్‌లు తీసుకుని రాస్‌ను అక్కడే వదిలేశారు. 1916లో దాన్ని మొత్తంగా పక్కన పెట్టారు. నింపాదిగా గురిచూసి ఒక్కో తూటా కాల్చే స్నైపర్లు మాత్రం దాన్ని వదల్లేదు. అంటే రాస్ చెడ్డ తుపాకీ కాదు. బిస్లీలో పచ్చగడ్డి మీద పడుకుని, ఒక్కో తూటా తుడిచి పెట్టుకుని కాల్చేవాడికి అది బ్రహ్మాండం. పోటీ ఆ మనిషినే పరీక్షించింది, కందకంలో ఉన్న మనిషిని కాదు.

ఈ లెక్కన 1903లో అమెరికన్లు చేసిన పనినీ మరోలా చూడొచ్చు. పేరుకు సైన్యం రైఫిల్ అంటూనే దాన్ని పోటీకి తగ్గట్టు మార్చుకోవడం అందరూ ఎంతో కొంత చేస్తున్నదే. వాళ్ళు గీత దాటారు, దొరికారు. 1907లో ఒటావాలో పాల్మా మళ్ళీ జరిగినప్పుడు 1,712 కొట్టి నెగ్గారు. అప్పుడు ఎవరూ వేలెత్తి చూపలేదు.

21 నుంచి సున్నాకి

ఆధునిక ఒలింపిక్స్‌కు ఆద్యుడు కూబర్తాన్ స్వయంగా పిస్టల్ షూటర్. అందుకే షూటింగ్‌కు మొదట్నుంచీ చోటు దొరికింది. 1920 ఆంట్వర్ప్‌లో ఏకంగా 21 షూటింగ్ పోటీలు పెట్టారు. ఎక్కువ భాగం జట్టువే. అమెరికా నౌకాదళ అధికారి కార్ల్ ఆస్బర్న్ 1912 నుంచి 1924 దాకా 11 ఒలింపిక్ పతకాలు పోగేశాడంటే కారణం ఆ జట్టు పోటీల వరసే. అదే 1920లో స్వీడన్ షూటర్ ఆస్కార్ స్వాన్ 72 ఏళ్ళ వయసులో జట్టు రజతం అందుకున్నాడు. రైఫిల్‌లోనే అయినా, కదిలే జింక బొమ్మ మీద.

1924 పారిస్ ఒలింపిక్స్ ఈ కథలో నాకు బాగా నచ్చిన ఘట్టం. ఫ్రీ రైఫిల్ జట్టు పోటీలో 400, 600, 800 మీటర్లు. అమెరికా 676తో మొదటిది. ఆ తర్వాత ఫ్రాన్స్, హైతీ రెండూ 646. రజతం ఫ్రాన్స్‌కు, కాంస్యం హైతీకి. హైతీకి అదే మొట్టమొదటి ఒలింపిక్ పతకం. అప్పటికి ఆ దేశం అమెరికా సైన్యం ఆక్రమణలో ఉంది. హైతీ గురికాళ్ళకు తుపాకీ నేర్పింది అమెరికన్ మెరీన్లే. ఒకప్పుడు తమను బానిసలుగా ఏలిన ఫ్రాన్స్ గడ్డ మీద, ఫ్రాన్స్‌తో సమానంగా స్కోరు చేసి వాళ్ళు నిలబడ్డారు.

అంతే, ఆ తర్వాత తెర పడింది. 1928లో ఆమ్‌స్టర్‌డామ్‌లో షూటింగే లేదు. షూటింగ్ పండగల్లో నగదు బహుమతులు మామూలు. అమెచ్యూర్ అంటే ఎవరన్న తగవు తెగలేదు. 1932లో షూటింగ్ తిరిగొచ్చింది గానీ రెండే పోటీలు, రెండూ వ్యక్తిగతం. నగదు తగవు పైకి కనిపించే కారణం. దాని కింద ఇంకోటుంది. మెషిన్‌గన్, ఫిరంగి ఏలిన యుద్ధం ముగిశాక, పౌరుడికి గురి నేర్పితే దేశం నిలబడుతుందన్న పాత వాదనకు మునుపటి బలం లేదు. ఆ వాదనే ఇన్నాళ్ళూ ఈ పోటీలకు ఓడ ఖర్చులూ, సెలవులూ, తూటాలూ ఇప్పించింది.

మనకు దక్కింది కప్పు, తుపాకీ కాదు

ఇంత కథలో భారతదేశం లేదా అంటే, ఉంది. 1870లో కొల్హాపూర్ మహారాజు రాజారాం ఛత్రపతి ఇంగ్లండ్ వెళ్ళాడు. తిరుగు ప్రయాణంలో ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో కన్నుమూశాడు. వయసు ఇరవై. ఆర్నో నది ఒడ్డున ఆయనకు కట్టిన ఛత్రి ఇప్పటికీ ఉంది. ఆయన పేరు మోసే కొలాపూర్ కప్ 1871 నుంచి వింబుల్డన్‌లో, ఆ తర్వాత బిస్లీలో నడుస్తోంది. మాతృదేశం బ్రిటన్ ఒకవైపు, వలస దేశాల జట్లు మరోవైపు. సామ్రాజ్యం మొత్తాన్నీ ఒకే రేంజ్‌లో నిలబెట్టిన తొలి పోటీల్లో ఒకదానికి ఉన్నది మరాఠా రాజు పేరు.

ఇటు చూస్తే, 1878 ఆయుధాల చట్టం ప్రకారం భారతీయుడు తుపాకీ పట్టాలంటే లైసెన్సు కావాలి. యూరోపియన్లకు అక్కర్లేదు. రైఫిల్ వాలంటీర్ దళాలు ఇక్కడా ఉండేవి. విశాఖపట్నం వైపు ఈస్ట్ కోస్ట్ రైఫిల్ వాలంటీర్లు, హైదరాబాద్‌లో వాలంటీర్ రైఫిల్స్. వాటిలో చేరేది దొరలు, ఆంగ్లో-ఇండియన్లు. 1887 మద్రాసు కాంగ్రెస్‌లోనే ఈ చట్టాన్ని సడలించమని తీర్మానం చేశారు. దక్షిణాఫ్రికాలో బోయర్ రైతు గురి చూసి బెంబేలెత్తి ఇంగ్లండ్‌లో ఊరూరా క్లబ్బులు పెట్టిన ప్రభుత్వం, భారత రైతు చేతికి అదే తుపాకీ ఇవ్వడానికి అంతకన్నా ఎక్కువ బెంబేలెత్తింది. పౌరుడికి గురి నేర్పడం దేశభక్తి అన్నారు గదా, ఏ పౌరుడికి అన్నది చెప్పలేదు.

స్వాతంత్ర్యం వచ్చాక 1951లో లోక్‌సభ తొలి స్పీకర్ మావలంకర్ చొరవతో మనకంటూ నేషనల్ రైఫిల్ అసోసియేషన్ ఏర్పడింది. అప్పటికి ప్రపంచం దగ్గరి దూరాల పోటీలకు మళ్ళింది. మన గెలుపులూ అక్కడే. 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్, అభినవ్ బింద్రాతో కలిసి పది మీటర్ల ఎయిర్ రైఫిల్ జంట స్వర్ణం గెలిచాడు. అవే క్రీడల్లో బిస్లీ తరహా దూరపు రైఫిల్ పోటీలు గుర్గావ్ దగ్గర కదర్‌పూర్ సీఆర్పీఎఫ్ రేంజ్‌లో జరిగాయి. వెయ్యి గజాల దాకా, గాలి లెక్కలతో సహా. ఆ జంట పోటీలో ఇంగ్లండ్‌కు స్వర్ణం తెచ్చిన ఇద్దరి పేర్లు జోనథన్ అండర్‌వుడ్, పరాగ్ పటేల్.